తమ్ముడి వందన సమర్పణ

ఫోటోలకు ఫ్రేములు కట్టే మనిషికి పట్టణ రవాణాతో ఏం పని అని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఏ పనీ లేదు. అందుకే ఆయన్ని పౌర సలహా సంఘంలో వేసుకున్నారు.

అది జరిగిన తీరు కూడా చెప్పుకోవాలి. నగరపాలక సంస్థ వాళ్లు పైపుల కోసం ఆయన షాపు ముందు రోడ్డు తవ్వి, పూడ్చడం మరిచిపోయారు. ఆ దుమ్ము అద్దాల వెనక్కి, అట్టల సందుల్లోకి, చివరికి పెళ్లి ఫోటోల్లో నవ్వుతున్న దంపతుల పళ్ల మీదకి కూడా వచ్చి కూర్చుంది. ఆయనకు ఒళ్లు మండింది. షాపు పక్కవాళ్లకు అప్పజెప్పి, ఆఫీసుకు వెళ్లి, మెట్ల దగ్గర నుంచే అరుపులు మొదలుపెట్టాడు. రవాణా విభాగం అధికారి చాలా నెమ్మదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, అంతా విని, "మీలాంటి బాధ్యత గల పౌరులే మాకు కావాలి సార్" అన్నాడు. దులిపేసి వద్దామని వెళ్లిన మనిషి మెడలో బ్యాడ్జీ వేలాడేసుకుని బయటికొచ్చాడు. దుమ్ము ఎక్కడిదక్కడే ఉంది. కోపం మాత్రం మాయమైంది. గట్టిగా అరిచేవాడికి కుర్చీ వేస్తే చాలన్న సంగతి ఆ ఆఫీసులో బంట్రోతుక్కూడా తెలుసు.

సంఘం నెలకోసారి సమావేశమయ్యేది. ఎండలు మండిపోతున్నా ఆ గదిలో స్వెట్టరు లేకుండా కూర్చోలేం, ఏసీ అంత చల్లగా పెట్టేవాళ్లు. గోడ నిండా ఊరి మ్యాపు. పొడుగాటి బల్ల చుట్టూ అధ్యక్షుడు, అంటే రిటైరైన కాలేజీ ప్రిన్సిపాల్, ఆయన పక్కన మందుల షాపు యజమాని, డాన్సు స్కూలు నడిపే ఆవిడ, ఒక బిల్డరు గారి బావమరిది, ఇంకా ఎందుకొచ్చారో వాళ్లకే తెలియని కొందరు. బస్సుల గురించి సలహా చెప్పే ఈ పెద్దమనుషుల్లో ఈ మధ్యకాలంలో బస్సెక్కిన మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు. సమావేశం ఉన్న రోజు వాళ్ల కార్లతో వీధంతా బిగుసుకుపోయి, అసలు బస్సే కదిలేది కాదు.

వాళ్ల సలహాలు కూడా వాళ్లలాగే ఉండేవి. బస్టాపుల్లో బెంచీలకు ఏ రంగు వేయాలన్న దాని మీద నెలల తరబడి చర్చ నడిచింది. నీలమా, ఆకుపచ్చా అని డాన్సు స్కూలావిడ, మందుల షాపాయన మాటామాటా అనుకుని, కొన్నాళ్లు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఆఖరికి నీలం గెలిచింది. అప్పటికే బెంచీలకు పసుపు రంగు వేయడం, అది ఆరిపోవడం, దాని మీద జనం కూర్చోవడం కూడా అయిపోయింది. సైకిళ్ల దారి అని చెప్పి తెల్లగీత గీసుకుంటూ పోయి కరెంటు స్తంభానికి గుద్దించారు. దానికి రిబ్బను కట్ చేసి ఫోటో దిగారు. ఆ ఫోటోకు ఫ్రేము కట్టింది మన ఆయనే.

ఇంతమందిలో ఆయనకంటూ ఒక స్థానం దొరకడం కూడా కాకతాళీయమే. మొదటి సమావేశానికి వెళ్లిన రోజునే, ఎప్పుడూ వందన సమర్పణ చేసే పెద్దాయనకు గొంతు పట్టేసింది. "మీరు రెండు ముక్కలు చెప్పండి" అని అధ్యక్షుడు కొత్త సభ్యుడి వైపు చెయ్యి చూపించాడు. లేచి నిలబడి మొదటి వాక్యం రెండుసార్లు మొదలుపెట్టాడు ఈయన. మూడోసారికి మాట సాగాక మాత్రం ఆపడం ఎవరి తరమూ కాలేదు. అధ్యక్షుడితో మొదలుపెట్టి అధికారికి, సభ్యులకు, మైకు సరిచేసిన ఆయనకు, టీ పోసిన ఆయనకు, చల్లగాలి ఇచ్చిన యంత్రానికి కూడా వందనాలు చెప్పాడు. చప్పట్లు మోగాయి. పెద్దాయన గొంతు నయమైంది గానీ పదవి మాత్రం తిరిగి రాలేదు.

అప్పటి నుంచి ఆయన పేరే వందన సమర్పణ అయింది. వీధిలో వాళ్లు ఎగతాళికి అంటే ఆయన బిరుదుగా తీసుకున్నాడు. సమావేశం దగ్గర పడుతుంటే షాపులో తలుపు దగ్గరేసి సాధన చేసేవాడు. గోడకు ఆనించిన ఫోటోల్లోంచి ఎవరెవరి తాతలో, ఎవరెవరి పెళ్లికూతుళ్లో కళ్లార్పకుండా వినేవారు. సంఘంలో కూడా అలవాటు ముదిరిపోయింది. ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైతే చాలు, పెన్నులు జేబుల్లోకీ, తాళాలు చేతుల్లోకీ వచ్చేవి. వెనకబల్ల మీద టీ కెటిల్ మూత లేచేది. ఆయన లేచాడంటే సభ అయిపోయినట్టే. ఆయన ఏం చెబుతున్నాడో ఎవరికీ అక్కర్లేదు.

"ఇంట్లో ఇన్నేళ్లుగా కాఫీ ఇస్తున్నా, ఒక్కనాడు బాగుందని అనరు. అక్కడ మైకుకి కూడా నమస్కారాలంట" అనేది భార్య. అక్క విని నవ్వేది.

ఈ అక్క గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పడానికేమీ మిగలదు. తల్లి పోయినప్పుడు తమ్ముడింకా నిక్కర్లేసుకుంటున్నాడు, అక్క లంగాలు వదిలి ఎంతో కాలం కాలేదు. బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగుకు వెళ్లి వాడికి అన్నం పెట్టింది, బడికి పంపింది, చదువు ఎక్కక వెనక్కొస్తే ఫ్రేముల షాపులో పనికి కుదిర్చింది. ఆ తర్వాతే పెళ్లి చేసుకుంది. భర్త పోయాక తమ్ముడింటి ముందుగదిలో ఉంటూ, ఊరి అవతల ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయాగా చేరింది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు వదిలిపెట్టి పోయిన పసివాళ్లకు పాలు పట్టడం, బట్టలు మార్చడం, ఏడిస్తే భుజాన వేసుకుని తిప్పడం. మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద నడుస్తుంది గానీ మెట్లు ఆవిడ పాలిట శత్రువులు. అయినా పని మానమంటే ఒప్పుకునేది కాదు. ఆ పిల్లల దగ్గరికి వెళ్తేనే ఆవిడకు రోజు రోజులా ఉండేది.

ఆ వెళ్లడం ఎలాగంటే బస్సులోనే. తమ్ముడి షాపు పక్కనే స్టాపు. బస్సు పెద్దరోడ్డు దిగి, కాలనీలోకి వంకర తిరిగి, అక్కడ ఆగి, మళ్లీ పెద్దరోడ్డెక్కేది. ఆవిడ చేతిసంచీ కనిపిస్తే డ్రైవరు బస్సును ఫుట్‌పాత్ అంచుకు ఆనించి ఆపేవాడు. ఆ బస్సే లేకపోతే అక్క ఇంట్లో కూర్చోవాల్సిందే. అది ఇంట్లో అందరికీ తెలుసు, వందన సమర్పణకు కూడా తెలుసు. అయినా గుర్తులేదు.

ఒక సాయంత్రం అక్క బస్సు దిగి, ఇంటికి పోకుండా తిన్నగా షాపులోకి వచ్చింది.

"ఒరేయ్, వచ్చే నెల నుంచి బస్సు లోపలికి రాదంటరా. పెద్దరోడ్డు మీద నుంచే పోతుందంట. అవతల వైపు ఎక్కాలంట. డ్రైవరు చెప్పాడు."

ఆయన చేతిలో కొలబద్ద పక్కన పెట్టి నవ్వాడు. "నాకు తెలియకుండా ఎలా మారుస్తారే? సలహా సంఘంలో ఉన్నది ఎవరు?"

"నువ్వే కదా. అందుకే అడుగుతున్నా. అవతలికి పోవాలంటే ఆ వంతెన ఎక్కి దిగాలి. అన్ని మెట్లు నావల్ల కాదు. అది తీసేస్తే నా పని పోయినట్టేరా."

"అదెంత పని, ఒక్కమాటతో ఆపిస్తా" అన్నాడు.

అన్నాక గత సమావేశం గుర్తొచ్చింది. కన్సల్టెంటు కంపెనీ మనిషి తెర మీద రంగురంగుల గీతలు చూపించి 'మార్గ సరళీకరణ' అన్నాడు. వంకర గీతను చెరిపేసి నిటారు గీత పెట్టాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. నచ్చితే ఆకుపచ్చ స్టిక్కరు, నచ్చకపోతే ఎర్ర స్టిక్కరు మ్యాపు మీద అంటించమన్నారు. ఎర్రవి అధ్యక్షుడి ఫైలు కింద ఉండిపోయాయి, వాటిని ఎవరూ అడగలేదు. అందరితో పాటు ఈయన కూడా ఆకుపచ్చది అంటించాడు. సరిగ్గా తన షాపు మీదే అంటించాడు. ఆ వంకర గీత తను పుట్టి పెరిగిన వీధి అని గుర్తుపట్టలేకపోయాడు. పైగా లేచి, "వంకరలు తీసి మన మార్గాన్ని సుగమం చేసిన కన్సల్టెంటు గారికి" అని ప్రత్యేకంగా వందనాలు చెప్పాడు. ఆ మాటకు విడిగా చప్పట్లు కూడా పడ్డాయి.

అక్కకు ఈ సంగతి చెప్పలేదు. సిగ్గేసింది. తుది ఆమోదం వచ్చే సమావేశంలో కదా, అప్పుడు అడ్డుకుంటే సరిపోతుంది అనుకున్నాడు. ముందుగా అధ్యక్షుడికి ఫోన్ చేసి నసుగుతూ విషయం కదిపాడు. "భేషుగ్గా సభలో లేవనెత్తండి. మన సంఘం ఉన్నదే అందుకు కదా" అన్నాడు అధ్యక్షుడు. ఆ మాటకు ఈయన ఉబ్బిపోయాడు. షాపు తలుపు మూసి సాధన చేశాడు. చెప్పాల్సింది ఎంతో లేదు: ఆ స్టాపు తీసేస్తే మా అక్క మెట్లెక్కలేదు, అలాంటి అక్కచెల్లెళ్లు ఉన్న ఇళ్లు ఆ కాలనీలో చాలా ఉన్నాయి, తీసేయకండి. ఫోటోల్లో తాతలు శ్రద్ధగా విన్నారు.

సమావేశానికి అక్క సెలవు పెట్టి వచ్చింది. గోడవారన 'ప్రజలకు' అని రాసిన కుర్చీలు ఉండేవి. వాటిలో ఎప్పుడూ ప్రజలు కూర్చోలేదు కాబట్టి సభ్యులు హెల్మెట్లు, సంచులు పెట్టుకునేవాళ్లు. ఆవిడ ఒక హెల్మెట్ తీసి కింద పెట్టి, మోకాలు చాపుకుని కూర్చుంది. మా తమ్ముడు మాట్లాడతాడు అన్న ధీమా ఆ మొహంలో కనిపిస్తూనే ఉంది. ఆ మొహం చూసి ఆయనకు ధైర్యమూ వచ్చింది, దడా వచ్చింది.

మిగతా తతంగమంతా అయ్యాక చిట్టచివరగా ఆ అంశం వచ్చింది.

"మార్గ సరళీకరణ. ఇదివరకే అందరం చూశాం, మెచ్చుకున్నాం. అభ్యంతరాలేమీ లేవు కదా?" అన్నాడు అధ్యక్షుడు, ఊపిరి తీసుకోకుండా.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

అంతే. పెన్నులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. తాళాలు గలగలమన్నాయి. డాన్సు స్కూలావిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. వెనక కెటిల్ మూత లేచింది. "ఆ, కానివ్వండి, కానివ్వండి" అన్నాడు అధ్యక్షుడు వాచీ చూసుకుంటూ, తృప్తిగా.

కాదండీ, ఇది అది కాదు అని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వచ్చిందంటే, "వేదికను అలంకరించిన గౌరవనీయులైన అధ్యక్షుల వారికీ..."

తన గొంతు తనకే వినిపించింది. ఆపుదామనుకున్నాడు. కానీ ఆ గదిలో, ఆ మైకు ముందు, ఆయనకు మరో రకంగా మొదలుపెట్టడం రాదు. సరే, ముందు మర్యాదలు కానిచ్చి తర్వాత అక్క సంగతి ఎత్తుదాం అనుకున్నాడు. మర్యాదలకు అంతు ఉంటే కదా. అధికారి తర్వాత కన్సల్టెంటు, కన్సల్టెంటు తర్వాత సభ్యులు, సభ్యుల తర్వాత మైకు ఆయన, టీ ఆయన... గాడిలో పడ్డ బండిలా మాట తన దారిన తను పోయింది. టీ ఆయన దగ్గరికొచ్చేసరికి ఎప్పటిలాగే చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోనే, "ఏకగ్రీవం" అన్నాడు అధ్యక్షుడు. మైకు ఆయన మైకు ఆపేశాడు.

"మా అక్క మెట్లెక్కలేదండీ" అన్నాడు వందన సమర్పణ. ఎదురుగా ఖాళీ కుర్చీలు ఉన్నాయి. అందరూ బిస్కెట్ల దగ్గర ఉన్నారు.

అధ్యక్షుడు టీ కప్పు పట్టుకుని వచ్చి భుజం తట్టాడు. "ఇవాళ మీ గొంతులో ఏదో ఆర్ద్రత ఉందండీ. అద్భుతం."

బయట అక్క నడుస్తూ పోతోంది. ఆయన స్కూటరు తోసుకుంటూ వెంటపడ్డాడు. "రా అక్కా, దింపేస్తా."

"బస్సుంది కదరా. ఉన్నన్నాళ్లు ఎక్కనీ." కొంచెం దూరం నడిచాక ఆగింది. "అందరికీ చెప్పావు. ఆ టీ పోసే ఆయనక్కూడా చెప్పావు. బాగానే చెప్పావులే."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాడు.

చెప్పిన నెలకు చెప్పినట్టే బస్సు రావడం మానేసింది. ప్రజలకు కావాల్సిన పనుల్లో ఆ ఆఫీసు చూపించని శ్రద్ధ వద్దన్న పనుల్లో చూపిస్తుంది. మొదటి రోజు అక్క వంతెన దాకా వెళ్లి, సగం మెట్ల మీద కూలబడి, ఎవరో చెయ్యిస్తే కిందికి దిగి ఇంటికొచ్చింది. తమ్ముడు హడావిడిగా, రోజూ స్కూటరు మీద నేనే దింపుతానన్నాడు. కాలు మడిచి వెనక కూర్చోవడం ఆవిడకు నరకం, అయినా పళ్లు బిగించి కూర్చుంది. రెండ్రోజులు దింపాడు. ఆ తర్వాత షాపులో పని ఉందని ఒకసారి, నిద్ర పట్టేసిందని ఒకసారి ఆలస్యం చేశాడు. పసివాళ్లు పాల కోసం ఏడుస్తుంటే ఆయా ఆలస్యంగా రావడం కుదరదు. అక్క ఆ కేంద్రం వెనక వీధిలో, తనతో పనిచేసే ఆవిడ ఇంట్లో ఒక గది మాట్లాడుకుంది.

పెట్టె సర్దుతుంటే భార్య కళ్లు తుడుచుకుంటూ, "వదినా, మేమేమన్నా అన్నామా?" అంది.

"నువ్వేం అన్నావమ్మా. ఎవరూ ఏమీ అనలేదు. అదే కదా నా బాధ" అంది అక్క.

ఆటో ఎక్కాక తమ్ముడు పక్కన నిలబడ్డాడు. ఏదో చెప్పాలి. ఈ మనిషి లేకపోతే తను లేడు. గాలి యంత్రానికి కూడా మాటలు దొరికిన మనిషికి ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. "షాపు తెరిచిపెట్టి వచ్చావు, పోరా" అంది అక్క. ఆటో వెళ్లిపోయింది.

మళ్లీ నెల సమావేశానికి ఆయన వెళ్లాడు. వెళ్లకుండా ఉండే ధైర్యం కూడా లేదు మరి. అన్ని అంశాలూ అయిపోయాయి. అధ్యక్షుడు ఆయన వైపు చూశాడు. ఆయన లేవలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. గదిలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. వందనాలు చెప్పనిదే లేవడం ఎలా? పెన్నులు సగం జేబులో, సగం బయట ఆగిపోయాయి. కెటిల్ మూత లేచి మళ్లీ పడింది. చలికి ఒకాయన తుమ్మాడు. ఆ కాసేపు మాత్రం ఆయనకు చిన్న పగ తీరినట్టు అనిపించింది.

ఆ ముచ్చటా ఎంతోసేపు మిగల్లేదు. ఆ రోజే కొత్తగా చేరిన ట్యూషన్ టీచరమ్మ ఒకావిడ ఉంది. స్కూలు ముందు వేగంగా పోయే లారీల గురించి గొడవ పెట్టడానికి వచ్చి, టీ తాగి, బ్యాడ్జీ తగిలించుకున్న మనిషే ఆవిడ కూడా. "అమ్మా, మీరు రెండు ముక్కలు చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు. ఆవిడ లేచింది. మొదట రెండుసార్లు తడబడింది, తర్వాత ధారగా సాగింది. అధ్యక్షుడు, అధికారి, మైకు, టీ అన్నీ అయ్యాక, "ఇన్నాళ్లూ ఈ బాధ్యత మోసిన పెద్దలకు కూడా" అని ఈయనకు చేతులు జోడించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడు. ఎవరూ గమనించలేదు.

కాలనీకి వచ్చి స్కూటరు షాపు దగ్గర పెట్టాడు. తను దేనికి వందనాలు చెప్పాడో అది ఒకసారి ఎక్కి చూడాలనిపించింది. నడుచుకుంటూ పెద్దరోడ్డు దాకా వెళ్లి వంతెన ఎక్కడం మొదలుపెట్టాడు. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి. కమ్మీ ఎండకు కాలి చెయ్యి ఆనించనివ్వడం లేదు. పక్కలకు ప్రకటన బోర్డులు బిగించడంతో గాలి లేదు. ఒక ముసలాయన గోడ పట్టుకుని అడ్డంగా, ఒక్కో కాలూ వెతుక్కుంటూ దిగుతున్నాడు. కూరల సంచీ పక్కన పెట్టుకుని ఒకావిడ మధ్యలో కూర్చుని ఉంది. ఆయన కూడా ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"ఏం బాబాయ్, మోకాళ్లా?" అంది ఆవిడ జాలిగా.

ఆయన మోకాళ్లు బాగానే ఉన్నాయి. సిగ్గుతో ఊపిరి అందలేదు.

అవతల దిగి, పసుపు బెంచీ మీద కూర్చుని, బస్సెక్కి అక్క గది దగ్గరికి చేరేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. అక్క గుమ్మంలోనే ఉతికిన పసిపిల్లల గుడ్డలు మడతపెడుతోంది. తలెత్తి చూసింది.

"బండేదిరా?"

"బస్సులో వచ్చాను."

"ఆ మెట్లెక్కావా?"

"ఎక్కాను."

"ఎలా ఉన్నాయి?"

ఆయనకు గౌరవనీయులైన అన్న మాట కూడా గుర్తు రాలేదు. "దరిద్రంగా ఉన్నాయే. మనుషులు ఎక్కేవి కావు" అన్నాడు.

అక్క మడత పెడుతున్న గుడ్డ ఒళ్లో పెట్టుకుంది. తమ్ముడు లోపలికి రావడానికి పక్కకు జరిగింది.

"ఈ ఒక్క ముక్క ఆ రోజు అక్కడ అని ఉండాల్సిందిరా" అంది.